ఆకలి తెలియని పూట

"ఒక్కసారి నోరు తెరువు స్వామన్నా" అన్నాడు బాలాజీ.

గుంట మగ్గంలోకి కాళ్లు దించి కూర్చున్న కుమారస్వామి కదలలేదు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. పైన పంకా తిరుగుతూనే ఉంది. అయినా అతని చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. కుడిచేతిలోని, పేక దూర్చే నాడె సన్నగా, ఆగకుండా వణుకుతోంది.

"ఏంటికి?"

"వాసన చూడల్ల."

ముప్పై ఏళ్లుగా ధర్మవరంలో పట్టు నేస్తున్న మనిషిని, అతని ఇంట్లో, అతని మగ్గం దగ్గర, తల్లీ భార్యా వింటుండగా అడగదగిన మాట కాదది. ఆ సంగతి బాలాజీకీ తెలుసు. అయినా అడిగాడు. అతని చేతికింద పరుచుకున్న ఎర్రటి పెళ్లిచీర అంతకంటే మర్యాదైన ప్రశ్నకు తావివ్వలేదు.

కుమారస్వామి మెల్లగా తల ఎత్తాడు. ఎదుట నిలబడ్డది ఎవరో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు చూశాడు.

"పోరా" అన్నాడు. "నువ్వు యాడోడివి? నిన్ను నా ఇంట్లోకి ఎవురు రానిచ్చినారు?"

ఇరవై ఏళ్లుగా ఆ మగ్గానికి పట్టూ జరీ ఇచ్చి, నేసిన చీరలు తీసుకుపోయే షావుకారు బాలాజీ. ఆ ఇరవై ఏళ్లలో కుమారస్వామి అతన్ని గాని, మరెవరిని గాని అలా పిలిచింది లేదు.

వంటింటి గడపలో గిన్నె పట్టుకుని నిలబడ్డ మంజులత ఆ మాట విన్నది. మూలన రాట్నం ముందు కూర్చున్న అత్త అనసూయమ్మ కూడా విన్నది. రాట్నం ఆగింది.

"ఇంగ వాసన చూసే పనిల్యా" అన్నాడు బాలాజీ. అతని గొంతులో కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువగా ఉంది. "ఇట్ల రా వదినా, నువ్వే చూడు. ఈ బుటా యాడుండాల్ల, యాడుండాది? ఈడ పేక వదులు. ఈడ మళ్లా. ఈడ రెండు పోగులు తప్పినాయి. ఒగటీ రెండైతే నేనే సర్దుకుందును. గుడ్డ పొడుగునా ఇదే కత."

"ఆకలికి అట్ల మాట్లాడతాండాడు బాలాజప్పా. రోంత తింటే సర్దుకుంటాడు" అంటూ మంజులత గిన్నె ముందుకు చాచింది.

బాలాజీ గిన్నెలోకి చూశాడు.

"ఆకలా? నీ బొరుగులు గుప్పెడు తింటే మళ్లా పూటదాకా ఆకలి మాటే ఉండదని ఈదంతా చెప్పుకుంటాండారే. మా ఇంట్లో ఆయమ్మది కూడా అదే పాట. మళ్లా ఈయప్పకి మాత్రం ఆకలి యాడ్నుంచి వచ్చె?"

ఆ పూట ఆ ఇంట్లో అడిగిన ప్రశ్నలన్నింటిలో సరైనది అదొక్కటే. దాన్ని అడిగినవాడు ఎగతాళికి అడిగాడు. విన్న మంజులత దాన్ని అవమానంగా తీసుకుంది.

"ఇది హిందూపురం వాళ్లు ముహూర్తానికి కట్టే చీర వదినా. రేపు పొద్దున ఇద్దరు మనుషుల్ని పిల్చకొస్తా. నేసినకాడికి గుడ్డ కోసుకొని, మిగిలిన పడుగు యల్లక్కోళ్ల మగ్గానికి ఎక్కిస్తా. తాగేటోని చేతికి పట్టు ఇయ్యను."

చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వెనుదిరిగి చూడలేదు.

ఎక్కిన పడుగును సగంలో దించడం ఆ వీధిలో అరుదు. అనసూయమ్మ తన డెబ్బై నాలుగేళ్లలో దాన్ని రెండుసార్లు చూసింది. రెండుసార్లూ, నేతగాడు చనిపోయిన ఇంట్లోనే చూసింది.

*

ఇదంతా ఒక మంచి పనితో మొదలైంది.

మంజులత తండ్రి కదిరప్ప పెనుకొండలో షుగరు జబ్బుతో ముందు కాలివేలు, తరువాత పాదం, ఆ తరువాత మోకాలి దాకా కాలు పోగొట్టుకుని, మూడేళ్ల కింద కన్నుమూశాడు. అందుచేత, భర్తకూ అదే జబ్బని తెలిసిన రోజున ఆమె ఏడవలేదు. ఒక నోటుపుస్తకం కొన్నది.

డాక్టరు మూడు మాటలు చెప్పాడు. ఈ మాత్ర రోజూ పొద్దున తిండికి ముందు వేసుకోవాలి. తొంభై ఒక్క కిలోలున్న మనిషి బరువు తగ్గాలి. నెలకొకసారి వచ్చి చూపించుకోవాలి. మొదటి రెండూ ఆమె పొల్లుపోకుండా జరిపించింది. అవి అంత బాగా జరిగినందువల్లనే మూడవది అనవసరమని తోచింది.

కడుపు నిండాలి, కేలరీలు తక్కువ ఉండాలి. ఈ రెండు కోరికలూ ఒకదాన్నొకటి తరిమేవి. ఉత్త బొరుగులు అరగంటలో అరిగిపోయేవి. వేరుశనగలు కడుపు నింపేవి గాని లెక్క దాటించేవి. దోసకాయ ముక్కలు, ఉడికించిన అలసందలు బాగానే ఉండేవి. కాని వాటితో చేతికి తడి, జిగురు. మగ్గం మీది మనిషి వేలికి నూనె గాని తడి గాని ఉండకూడదు. పట్టు మీద పడిన మరక చీర ఉన్నంత కాలం ఉంటుంది.

నెల రోజుల వెతుకులాట తరువాత ఆమెకు దారి దొరికింది. ఉలవలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, చుక్క నూనె లేకుండా వేయించి, బొరుగులతో, అవిసె గింజలతో, కరివేపాకు కారంతో కలిపింది. ఒక గుప్పెడు బాగా నమిలి, చెంబెడు నీళ్లు తాగితే నాలుగు గంటలు ఆకలి తెలియదు. వేలికి ఏదీ అంటదు.

పొద్దుటి ఉగ్గాని, బజ్జీ పోయాయి. పదకొండు గంటలకు వీధి వీధంతా మగ్గాలు ఆపి తాగే తీపి టీ కూడా పోయింది. కుమారస్వామి ఆరున్నరకు గుంటలో దిగితే ఒంటిగంట దాకా లేచేవాడు కాడు. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. నోటుపుస్తకంలో ప్రతి ఆదివారం ఒక అంకె, దాని కింద ఎర్ర సిరాతో గీత.

ఆ గీతలను ఆమె ఎవరికి చూపించినా మెచ్చుకున్నారు. మెచ్చుకోనిది అత్త ఒక్కతే. పన్నెండు రోజులుగా అత్తాకోడళ్ల మధ్య అవసరానికి మించి ఒక్క మాట లేదు.

*

ఒంటిగంటన్నరకు కుమారస్వామి కొర్రన్నం, పప్పు తిన్నాడు. చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. ముఖంలో రంగు తిరిగి వచ్చింది.

"బాలాజీ ఇంగా రాలేదే?" అన్నాడు. "పన్నెండు లోపల వస్తానన్నాడు."

గిన్నె తోముతున్న మంజులత చెయ్యి ఆగింది.

"ఏమంటివి?"

"బాలాజీ. చీర చూసేకి వస్తానన్నాడు కదా."

"వచ్చినాడు. నువ్వు పోరా అన్నావు. పొయినాడు."

కుమారస్వామి నవ్వాడు. భార్య ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆపాడు.

"నేనా? బాలాజీనా?"

"నువ్వు యాడోడివి అని అడిగినావు. నిన్ను ఎవురు రానిచ్చినారని అడిగినావు. రేపొచ్చి పడుగు దించుకొని పోతాడంట. ఇంగేమన్నా గుర్తుకు రావల్లనా, ఇది చాల్నా?"

"నాకేమీ గుర్తుల్యా మంజులా."

"ఎట్లుంటుంది గుర్తు?" ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "నిజం చెప్పు. యాడ తాగుతాండావు?"

"బిడ్డ మింద ఒట్టు. జన్మలో ముట్టినోన్ని కాను."

"ఒట్టు పెట్టకు. చెమట్లు, చేతులు వణికేది, నోటికొచ్చినట్ల మాట్లాడేది. తిన్నాంక ఏమీ తెలీనట్ల కూర్చునేది. నేనేమన్నా చిన్నపిల్లనా? నీ కోసరం నేను ఒక్కొక్క గింజ లెక్కబెట్టి పెడతాంటే, నువ్వు నా ఎనకమాల..."

మాట పూర్తి కాలేదు. కుమారస్వామి తన రెండు చేతులనూ ముందుకు చాచి, తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. అవి ఇప్పుడు వణకడం లేదు. వణికిన సంగతి తనకు తెలియదని అతని చూపు చెబుతోంది. నిజం చెప్పేవాడు కూడా అబద్ధం చెప్పేవాడిలాగే ఖాళీగా చూస్తాడని ఆమెకు మొదటిసారి తోచింది.

"నాకి భయమైతాంది" అన్నాడతను, చాలా చిన్నగా.

అతను లోపలి గదిలోకి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. పెనుకొండ నుంచి అన్న నాగరాజు. అక్కడి ఒక బడికి బస్సు నడుపుతాడు.

"పాపా, నీ బొరుగులు అయిపోవచ్చినాయి. ఇంగో నాలుగు పొట్లాలు పంపీ."

"తరవాత మాట్లాడతా అన్నా."

"ఒగ్గ నిమిషం. పోయిన వారం ఆదివారం నీ ఇంటికాడ్నుంచి తెచ్చుకున్యానా, ఇప్పటికి రెండు కిలోలు తగ్గినా. మధ్యాహ్నం అన్నమే మానేసినా, చూడు! మాత్రలు మాత్రం రెండు పూటలా తప్పకుండా మింగుతాండా. నాయన మాదిరి కాలు పోగొట్టుకునే పనిల్యా."

"సరే అన్నా."

"బస్సులో పిల్లోళ్లకి పిప్పరమెంట్ల డబ్బా పెడతాంటి కదా, ఏడ్చేటోళ్లకి? దానికాడికి నా చెయ్యే ముందు పోతాండె. పిప్పరమెంట్లు పారేసి దాంట్లో నీ బొరుగులు పోసినా. పిల్లోళ్లు నన్ను తిట్టుకుంటాండారు, ఈ డ్రైవరన్నకి పిచ్చి పట్టిందని." పెద్దగా నవ్వాడు. "ఏం, గొంతు అట్లుండాది? బావతో కొట్లాడినావా?"

"లేదన్నా. పెట్టేస్తాండా."

పెట్టేసింది. మామూలు రోజున ఆ నవ్వు ఆమెకు పూటంతా తోడుండేది.

*

"మంజులా."

అనసూయమ్మ పిలిచింది. పన్నెండు రోజుల తరువాత పేరు పెట్టి పిలిచింది.

"నన్ను పట్టుకొని మగ్గం తావ కూర్చోబెట్టు."

"ఏంటికి అత్తా ఇప్పుడు? చూసేదానికి ఏముండాది, రేపు కోసుకొని పోతారు."

"కోసుకొని పోయే ముందరే చూడల్ల."

ముసలామె కళ్లకు శుక్లాలు. కాని అరవై ఏళ్లు పట్టు చుట్టిన వేళ్లు. బాలాజీ పరిచిపోయిన గుడ్డ మీద ఆమె కుడిచేతి చూపుడువేలు అంచు వెంబడి నడిచింది. అంచులో జానెడు జానెడు దూరం తరువాత ఒక తెల్లటి నూలుపోగు తగులుతుంది. ప్రతి సాయంత్రం మగ్గం దిగే ముందు ఆనాటి నేత ఎక్కడ ఆగిందో అక్కడ ఒక తెల్లదారం గుచ్చడం ఆ ఇంటి అలవాటు. చీర పూర్తయ్యాక వాటిని లాగేస్తారు. అది ఆమె మామగారు పెట్టిన పద్ధతి.

"లెక్కబెట్టు" అన్నది.

"పదహారు."

"అంటే పదహారు దినాలు. ఈ మొదటి నాలుగూ చూడు. నున్నగా ఉండాయి. ఒగ్గ తప్పు ల్యా. అయిదో దినంలో చెయ్యి పెట్టు. ఆఁ, ఆడ. వదులు తగిలెనా?"

"తగిలింది."

"రెండు దారాల నడిమిట్ల యాడుండాది?"

మంజులత వేళ్లతో కొలిచింది. "సగానికి రోంత ఈవల."

"ఆరోది?"

"సగానికి రోంత ఈవల."

"ఏడోది?"

మంజులత చెయ్యి ముందుకు జరిపింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆమె వేళ్లు ఇప్పుడు తమంతట తామే పోతున్నాయి. ప్రతి రోజూ అక్కడే. ముందు ఒక పోగు, తరువాత రెండు, తరువాత ఒక బుటా వరసంతా. తాగేవాడు ప్రతిరోజూ ఒకే గడియకు తాగడు. తాగినా, గంటసేపటిలో దాన్ని విడిచి మిగిలిన పూటంతా ఇంత శుభ్రంగా నేయడు.

"పొద్దున ఆరున్నరకి మగ్గమెక్కుతాడు" అన్నది అనసూయమ్మ. "నేసే వడి నాకి తెలుసు. ఆ జాగా కాడికి వచ్చేసరికి టైము ఎంతయితుంది?"

"పదకొండు" అన్నది మంజులత.

ఆమె వంటింట్లోకి పోయి నోటుపుస్తకం తెచ్చింది. ఏ రోజు ఏం పెట్టిందో, ఎన్ని గంటలకు పెట్టిందో అందులో ఉంది. గుడ్డనూ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి ఆమె ఒక్కొక్క దారం దగ్గర ఒక్కొక్క తేదీ వేసుకుంటూ వచ్చింది.

పన్నెండో దారం దగ్గర ఆగింది.

"ఈ దినం తప్పు ల్యా అత్తా. నున్నగా ఉండాది."

"ఎప్పుడది?"

"పోయిన గురువారం." ఆమె పుస్తకంలోకి చూసింది. ఆనాటి పుటలో తన కోపపు దస్తూరి అలాగే ఉంది. "మహేశ్వరి వాళ్లింట్లో బిడ్డకి పేరు పెట్టినారు. పది గంటలకి ఓళిగలు పంపించినారు. నేను చూడక ముందే రెండు తినేసినాడు. ఆ పొద్దు నేను..."

ఆ పొద్దు ఆమె భర్తను నానా మాటలూ అన్నది. అదీ పుస్తకంలో ఉంది.

"తీపి తిన్నాడు" అన్నది అనసూయమ్మ. "మళ్లా ఆ అయిదో దారం ఏ దినం? చూడు."

మంజులత చూడనవసరం లేదు. పుట తిప్పకుండానే ఆమెకు తెలుసు. పన్నెండు రోజుల కిందటి గురువారం. "అత్త డబ్బాలో బెల్లం దొరికింది. తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను" అని రాసుకున్న రోజు.

ఆ తాళంచెవి ఇప్పుడు ఆమె నడుము దగ్గర ఉంది.

పక్కింటి మగ్గం చప్పుడు గోడ దాటి వస్తోంది.

"ఆ బెల్లం నువ్వు తినేదానికి కాదా అత్తా?"

"నాకి పండ్లు యాడుండాయమ్మా బెల్లం కొరికేకి?" ముసలామె గుడ్డ మీది నుంచి చెయ్యి తీసింది. "ఈదంతా పదకొండుకి టీ తాగుతాంటే వాడొక్కడే గుంటలో కూర్చునుండె. ఒగ పొద్దు నీళ్లిద్దామని పోయినా. చెయ్యి తగిలితే ఐసు మాదిరి ఉండాది. నిమ్మకాయంత బెల్లం ముక్క నోట్లో పెడితే రోంతసేపటికి మనిషైనాడు. అప్పట్నుంచి దినామూ పదకొండుకి పెడతాంటి. అంతే నాకి తెలిసింది."

"నాకి చెప్పకూడదా?"

"చెప్తే పెట్టనిస్తువా?"

మంజులత ఫోను చేతిలోకి తీసుకుంది.

*

కూతురు అమృత హిందూపురంలో నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది. తరగతి అయిపోయి బయటికి వచ్చే వేళ, నాలుగు కావస్తుండగా ఫోను ఎత్తింది. మంజులత అన్నీ చెప్పింది. ఏడుపు కలవకుండా, పుస్తకంలో రాసినట్టు వరసగా చెప్పింది.

"అమ్మా, నేనడిగేదానికి మాత్రం చెప్పు" అన్నది అమృత. "నాయన మాత్ర ఎప్పుడు మింగుతాండాడు?"

"ఆరు గంటలకి."

"దాని ఎనక ఏం తింటాండాడు?"

"నా బొరుగులు. ఒగ గుప్పెడు."

"అంతేనా? ఒంటిగంట దాకా?"

"ఆకలి కాదంటాడు కదా."

"ఆకలి కాకపోవడం కాదమ్మా. తెలియడం ల్యా." అమృత ఒక్కొక్క మాటే విడమరిచి చెప్పింది. "ఆ మాత్ర ఇచ్చినప్పుడు నాయన పొద్దున ఉగ్గాని తింటాండె, బజ్జీలు తింటాండె, తీపి టీ తాగుతాండె. దానికి సరిపోయే మాత్ర అది. నువ్వు తిండి తీసేసినావు. మాత్ర అట్లే ఉండాది. తిన్నా తినకపోయినా అది రక్తంలో చక్కెరని దించుతానే ఉంటుంది. నాయన తాగలేదమ్మా. చక్కెర పడిపోతాంది. ఇంగా దిగితే మనిషి పడిపోతాడు. మళ్లా లేయకపోవచ్చు కూడా."

మంజులత లోపలి గది వైపు చూసింది.

"ఇప్పుడు ఎట్లుండాడు?"

"పడుకున్నాడు. రెండు గంటలైంది."

"లేపు. ఫోను పెట్టొద్దు. ముందు లేపు!"

తాళంచెవి నడుము నుంచి లాగి ఆమె బీరువా దగ్గరకు పరుగెత్తింది. బీరువా తెరుచుకుంది. బెల్లం డబ్బా ఆమె చేతిలో ఉండగానే అనసూయమ్మ తడుముకుంటూ మంచం దగ్గరకు చేరింది.

"కుమారా. నాయనా. లెయ్యి."

అతను లేవలేదు. మెడ దగ్గర చల్లటి చెమట. మంజులత భుజం పట్టి ఊపింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి రెప్పలు కదిలాయి.

"మింగుతాడా అమ్మా? మెలుకువ ఉందా?" ఫోనులో అమృత అరుస్తోంది.

"కండ్లు తెరిచినాడు."

"కూర్చోబెట్టి పెట్టు. రోంచం రోంచం."

అనసూయమ్మ బెల్లం చిదిపి కొడుకు నోట్లో పెట్టింది. అతను చిన్నబిడ్డలాగా చప్పరించాడు. పది నిమిషాలు ఆ గదిలో ఎవరూ కదలలేదు. మంజులత అతని చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి ఎప్పుడు వెచ్చబడిందో ఆమెకు తెలిసింది.

"తియ్యగుండాదే" అన్నాడు కుమారస్వామి. భార్య వైపు భయంగా చూశాడు. "నేను అడగలేదు మంజులా. అమ్మే పెట్టింది."

ఆమె అతని అరచేతిలో ముఖం దాచుకుంది.

"అమ్మా," ఫోనులో అమృత, "తీపి ఎక్కినాంక అన్నం రోంత పెట్టి, ఇప్పుడే ఆస్పత్రికి పిల్చకపో. మాత్ర సంగతి డాక్టరే చెప్పల్ల. ఆయప్పకి నీ పుస్తకం చూపించు. బాలాజీ మామకి నేను చెప్తా." ఫోను పెట్టబోయి ఆగింది. "అమ్మా, ఇంగొగటి. ఆ బొరుగులు ఇంగ ఎవురికైనా ఇచ్చినావా? షుగరుకి మాత్రలు మింగేటోళ్లకి?"

మంజులత తల ఎత్తింది.

రెండు పూటలా తప్పకుండా మింగుతాండా. మధ్యాహ్నం అన్నమే మానేసినా, చూడు.

"అమ్మా? పెనుకొండ మామకి ఇచ్చినావా?"

గోడ గడియారం నాలుగు గంటలా ఇరవై నిమిషాలు చూపిస్తోంది. నాలుగింటికి బడి వదులుతారు. నాలుగూ పదికి బస్సు గోరంట్ల రోడ్డు ఎక్కుతుంది.

*

నాగరాజు ఫోను మొదటిసారి పూర్తిగా మోగి ఆగింది. రెండోసారి కూడా.

"ఎత్తు అన్నా. ఎత్తు."

మూడోసారి ఎత్తారు. ముందు ఇంజను చప్పుడు వినిపించింది. దాని మీద పిల్లల కేకలు. అవి ఆటల కేకలు కావు.

"ఎవురు?" అన్నాడు నాగరాజు. నాలుక మందంగా తిరుగుతోంది.

"అన్నా, నేను. బస్సు ఆపు. పక్కకి తీసి ఆపు."

"నేనంటే ఎవురు?"

"మంజులని అన్నా!"

"ఏ మంజుల?"

ఇదే ప్రశ్న, ఇదే గొంతు, ఈ పొద్దున ఈ ఇంట్లో వినిపించింది. అప్పుడు అది గుంటలో కూర్చున్న ఒక మనిషి నోటి నుంచి వచ్చింది. ఇప్పుడు పరిగెడుతున్న బస్సులో నుంచి వస్తోంది.

"అన్నా, కాలు తీయి. బ్రేకు తొక్కు. నీకి పుణ్యముంటుంది, ఆపు!"

హారను పొడుగ్గా మోగింది. ఎవరో బిడ్డ ఏడ్చింది. ఆ తరువాత ఫోనుకు దగ్గరగా ఒక ఆడపిల్ల గొంతు, పరుగెత్తినట్టు ఆయాసంతో:

"ఆంటీ, నేను ముందర సీట్లో ఉండా. డ్రైవరన్న మా ఊరి కాడ ఆపలేదు ఆంటీ. చెప్తే ఇనల్యా. చొక్కా అంతా తడిసిపొయ్యింది. బస్సు అటూ ఇటూ పోతాంది."

"పాపా, నీ పేరేంది? కాదులే, ఇను. భయపడొద్దు. ఎవురి సంచిలోనన్నా చాక్లెట్ ఉండాదేమో అడుగు. తీపిది ఏదైనా."

"బడికి తేకూడదు ఆంటీ. తెస్తే మిస్సు తీసుకుంటుంది."

"అయితే డ్రైవరన్న పక్కన డబ్బా ఉంటుంది చూడు. పిప్పరమెంట్ల డబ్బా. దాంట్లో అడుగున యాడన్నా ఒగటి మిగిలుంటుంది. తీసి ఆయప్ప నోట్లో పెట్టు. బిన్నా పెట్టు తల్లీ!"

డబ్బా మూత రాలేదు. మళ్లీ ప్రయత్నించిన చప్పుడు. వచ్చింది. లోపల ఏవో గలగలమన్నాయి. చిన్న చేయి అడుగుదాకా కెలికింది.

మంజులత ఒళ్లో తెరిచిన బెల్లం డబ్బా ఉంది.

"పిప్పరమెంట్లు ల్యావు ఆంటీ" అన్నది ఆ బిడ్డ. "అన్నీ బొరుగులే ఉండాయి."

ఇంజను చప్పుడు ఆగలేదు.